నాయిన టోపీ తీసే మేళం

మా నాయినకు నవ్వడం రాదని సూర్యాపేట బజారంతా గట్టిగా నమ్మేది. ధాన్యం దుకాణంలో నల్లటోపీ పెట్టుకొని గద్దె మీద కూర్చున్నాడంటే, బేరానికి వచ్చిన రైతు దగ్గడానికి కూడా వెనకాడేవాడు. ఇక ఇంట్లో మా సంగతి చెప్పాలా? ఆయన చెప్పుల చప్పుడు గుమ్మం దగ్గర వినబడితే చాలు, చేతిలో ఉన్నది ఉన్నట్టే పడేసి పుస్తకాల ముందు చేరేవాళ్లం. పుస్తకం తలకిందులుగా ఉన్నా సరే.

అటువంటి మనిషి బ్యాండు మేళం ముందు ఎగిరేవాడు. ఒట్టు. నా కళ్లతో నేను చూశాను.

మొదటిసారి చూసినప్పుడు నాకు ఆరేడేళ్లుంటాయేమో, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడు. మా మేనత్త కూతురి పెళ్లి ఊరేగింపు. ముందు బ్యాండు, వెనక పెళ్లిబండి, మధ్యలో మేము. పాట కాస్త ఊపందుకునే సరికి నాయిన ఆగాడు. తలమీది నల్లటోపీ తీశాడు. ఎక్కడ పెట్టాలా అని అటూ ఇటూ చూసి, పక్కనే ఉన్న నా చేతుల్లో పెట్టాడు.

"టోపీ పట్టుకో బిడ్డా. కింద పెట్టకు."

అంతే. ధోవతి కుచ్చిళ్లు ఎగ్గట్టి, భుజం మీది తువ్వాలు గాల్లోకి విసిరి అందుకొని, ఇగ చూసుకో నా సామిరంగా! బియ్యం బస్తాలా కదలకుండా కూర్చునే ఆ ఒళ్లు అంత తేలిక ఎప్పుడైందో, ఆ కాళ్లకు ఆ అడుగులు ఎవరు నేర్పారో. ఆడవాళ్లు కొంగులు నోటికడ్డం పెట్టుకొని నవ్వుతున్నారు. నాకు మాత్రం గర్వంతో ఊపిరాడలేదు. నాయిన టోపీ నా దగ్గర ఉంది మరి. ఆ రోజు నుంచి ఏ పెళ్లికి వెళ్లినా టోపీ పట్టే పని నాదే. మా అన్నలు కుళ్లుకొని చచ్చేవాళ్లు.

ఇదంతా ఏ మేళానికి పడితే ఆ మేళానికి జరిగేది కాదు. మా ఊరి బ్యాండు ఒక్కదానికే. దాని మాస్టరు ముసల్మాను, సన్నగా చింతబరికెలా ఉండేవాడు. ఎర్ర కోటు, జరీ పట్టీ కుట్టిన ఎర్రటోపీ, చేతిలో క్లారినెట్. అందరు మాస్టర్లూ పెళ్లికొడుకు వైపు చూసి వాయిస్తే, ఈయన మా నాయిన కాళ్ల వైపు చూసి వాయించేవాడు. ఊరేగింపు ముందుకు సాగుతుంటే తాను వెనక్కి వెనక్కి నడుస్తూ, ఆ కాలు ఎటు పడితే పాటను అటు మళ్లించేవాడు. మర్నాడు బజార్లో ఎదురుపడితే మాత్రం ఇద్దరూ తల ఊపి ఎవరి దారిన వాళ్లు పోయేవాళ్లు. రెండో మాట లేదు. అంత ఎగిరి, అంత వాయించి, మాట్లాడుకోకుండా ఎలా ఉంటారా అని నాకు ఆశ్చర్యం.

తర్వాత మాస్టరుకు పై పళ్లు ఊడాయి. క్లారినెట్ పళ్ల ఆనుడు లేకపోతే పలకదట. ఒక పన్ను పోయినప్పుడు నెట్టుకొచ్చాడు, రెండోది పోయినప్పుడూ మొండికేశాడు, ఆ తర్వాత ఇక ఆయన వల్ల కాలేదు. వాద్యాన్ని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాడు. మేళం వాళ్లు పొట్ట చేతపట్టుకొని తలో ఊరికీ పోయారు. మా నాయిన కూడా ఎగరడం మానేశాడు. పెళ్లికి వెళ్లేవాడు, కట్నం చదివించేవాడు, విస్తరి ముందు కూర్చొని తినేవాడు, వచ్చేవాడు. టోపీ తల మీదే ఉండేది. నా కొలువు పోయింది.

సాగర్ ఎడమ కాలువకు నీళ్లొచ్చాక, మిర్యాలగూడలో బియ్యం మిల్లున్న వాళ్లింటికి నా సంబంధం ఖాయం చేశారు. ఏం చీరలు కావాలో చెప్పమని అమ్మ అడిగింది.

"చీరలు నీ ఇష్టం. నాయిన టోపీ తీసే మేళం కావాలె నాకు" అన్నాను.

"అయ్యో రామా! లగ్గం ఖాయమైన పిల్లవు, బ్యాండుతోటి నీకేం పనే?"

"నా లగ్గమే గద? అందరి పెండ్లిళ్లల్ల ఎగిరి, నా పెండ్లిల స్తంభం లెక్క నిలబడ్తడా?"

అమ్మ లోపలికి వెళ్లింది. వంటింట్లో గిన్నెలు కాసేపు గట్టిగా మోగాయి.

ఈ పనిలో నాకు తోడు దొరికిన వాడు మా చిన్నాయన. ఏ ఊళ్లో విస్తరి వేస్తారో వారం ముందే తెలిసే మనిషి. ధాన్యం వ్యాపారం పుణ్యమా అని చుట్టుపక్కల ఊళ్ల రైతుల పెళ్లి పిలుపులన్నీ మా ఇంటికి వచ్చేవి. "అన్నా, మన గిరాకోళ్లు, పోకపోతే బాగుండదు" అని నాయినను బయల్దేరదీసేవాడు. అమ్మను, నన్ను కూడా బస్సెక్కించేవాడు. నాయిన పెళ్లికి వచ్చాననుకునేవాడు. మేం ఆయన కాళ్లను పరీక్షకు తెచ్చామని ఆయనకు తెలియదు.

ముందు కోదాడ వెళ్లాం. అక్కడి మేళం పేరు మోసింది. ఆంధ్ర వైపు సరిహద్దు ఊరు కదా, అన్నీ ఒక పద్ధతిగా ఉంటాయి. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలు, ఒకే రంగు లాగులు, ఎడమ కాలు లేస్తే అందరిదీ ఎడమ కాలే. కొత్త సినిమా పాట ఏది అడిగినా వాయిస్తున్నారు. మాస్టరు మా చిన్నాయన దగ్గరికొచ్చి, "మీకేం పాట కావాలో సెలవివ్వండి, ఇట్టే వాయిస్తామండి" అన్నాడు. నిజం చెప్పాలంటే శ్రుతి తప్పలేదు, తాళం తప్పలేదు. అయినా వింటుంటే నాకు బళ్లో ప్రార్థనకు నిలబడ్డట్టు అనిపించింది. నాయిన ఒక పాటంతా విని, "మంచిగనే ఉన్నది" అన్నాడు. ఆ మాట ఆయన పత్యం చారును గురించి అనేవాడు. వెంటనే పక్కనున్న రైతుతో వడ్ల ధర మొదలుపెట్టాడు. కోదాడ మేళం అక్కడితో ఖతం.

తర్వాత హాలియా. అబ్బ, దాని గురించి ఏం చెప్పను! అందరూ మీసాలు రాని కుర్రవాళ్లు. ఉత్సాహం బస్తాలకు బస్తాలు ఉంది, పాట మాత్రం దోసెడు. పెద్ద డోలు వాడు డోలును కొడుతున్నాడా, దాని మీద పగ తీర్చుకుంటున్నాడా తెలియలేదు. ఆ మోతకు పెళ్లిబండి ఎద్దులు బెదిరి, పెళ్లికొడుకుతో సహా వరిమడిలోకి దిగిపోయాయి. ఊరేగింపు మొత్తం బండి వెనక పరుగు. మేళం వాళ్లు వాయించడం మానకుండానే పరుగెత్తారు, అందుకు మెచ్చుకోవాలి. ఆ రోజు నాయిన కాళ్లు కదిలిన మాట నిజమే గానీ, అది బండి పట్టుకోవడానికి.

"చిన్నాయనా, వీళ్లను పిలిస్తే నా పెండ్లి బురదల అయితది" అన్నాను.

"పిలగాండ్లు తబ్బిబ్బయిండ్రు గని, భోజనాలు ఫస్టుగున్నయి బిడ్డా" అన్నాడు ఆయన. ఎవరి లోకం వాళ్లది.

ఆఖరికి మాడుగులపల్లిలో ఒక పెళ్లి. మేళం మిర్యాలగూడది. ఇది కొత్తగా కట్టిన మేళమే గానీ, మొదటి దెబ్బ పడగానే నా చెవులు నిక్కాయి. ఆ పెద్ద డోలు నాకు తెలుసు! చూద్దును కదా, కొడుతున్నది మా సూర్యాపేట డోలు మనిషే. సైడు డ్రమ్ము కూడా మనవాడే. పొట్టకూటికి చెదిరిపోయిన వాళ్లు ఇక్కడ తేలారన్నమాట. క్లారినెట్ వాడు కొత్తవాడు, వయసు చిన్నది, పాత మాస్టరుతో పోల్చలేం. కానీ భయం లేదు వాడికి. పాటను ఒక్కోచోట జారవిడిచి, కింద పడేలోపే పట్టుకునేవాడు. చీర కుచ్చిళ్ల కింద నా మడమలే ఆగడం లేదు. పక్కన ఒక పెద్దమనిషి కళ్లు మూసుకొని తల ఆడిస్తున్నాడు. ఎవరా అని చూస్తే, నాకు కాబోయే మామగారు! గబుక్కున కొంగు ముఖం మీదికి లాక్కొని అమ్మ వెనక దాక్కున్నాను. ఆయన ప్రపంచం మరిచిపోయి ఉన్నాడు, నన్ను చూసే స్థితిలో లేడు.

కొంగు సందులోంచే నాయిన కాళ్లు చూశాను. బొటనవేలు లేచింది. పడింది. మళ్లీ లేచింది. మడమ కదిలింది. చెయ్యి టోపీ దాకా వెళ్లింది. నేను అప్పుడే రెండు చేతులూ చాచాను కూడా. అంతలో ఏం గుర్తొచ్చిందో, చేయి దించేసుకున్నాడు. టోపీని ఇంకా కిందికి లాక్కొని, జనం వెనక్కి వెళ్లి నిలబడ్డాడు.

తిరుగు బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డప్పుడు ఇక నా వల్ల కాలేదు. నాయినను నిలదీసిన ఆడపిల్ల మా వంశంలో లేదు. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు భయపడితే ఎలా?

"నాయినా, కాలు కదిలింది గద. ఎందుకు ఆపుకున్నవ్?"

"ఏ కాలు?"

"నీ కాలే. నేను సూసిన."

కసురుతాడనుకున్నాను. కసరలేదు. రోడ్డు వైపే చూస్తూ మెల్లగా అన్నాడు.

"మాస్టరు ఇంటి ముందర మంచం ఏసుకొని కూసుంటుండు బిడ్డా. దుకాణానికి పోయేటప్పుడు రోజూ సూస్త. ఇన్నేండ్లు ఆయన ముందర ఎగిరిన. ఇప్పుడు ఇంకోని ముందర ఎగిరితే, పళ్లు ఊడినయని ఆయనను ఇడిసిపెట్టినట్టుండదా?"

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఈ మనిషికి ఇంత మెత్తటి గుండె ఉన్నందుకు ఏడుపు, అది ఇన్నాళ్లూ చెప్పనందుకు కోపం. మేం ఊళ్లు పట్టుకొని తిరిగి మేళం కోసం వెతుకుతుంటే, అడ్డం ఉన్నది మేళం కాదు.

రెండో రోజే చిన్నాయనను వెంటబెట్టుకొని మాస్టరు ఇంటికి వెళ్లాను. ఆయన మంచం మీద కూర్చొని కోళ్లకు నూకలు చల్లుతున్నాడు.

"ఏందమ్మా, సేటు బిడ్డ గీడికొచ్చింది?"

ఉన్నదున్నట్టు చెప్పాను. వింటున్నకొద్దీ ఆయన ముఖం ఎర్రబడింది. నూకల చేట కింద పెట్టేశాడు.

"నేనేమన్న సచ్చిన్నా? మీ నాయిన నాకు సంతాపం పాటిస్తుండా? పళ్లు ఊడినయ్ గని చెవులు ఊడలేదని జెప్పు!"

"నేను జెప్తే ఇంటడా మాస్టర్ సాబ్? నువ్వే పెండ్లికొచ్చి జెప్పు."

ఆయన కోపం అక్కడితో దిగిపోయింది. నూకల చేట మళ్లీ ఒళ్లోకి తీసుకున్నాడు.

"రాను తల్లీ. ఇంకొకరు వాయిస్తుంటే జనంల నిలబడి ఇననీకి నా పానం ఒప్పది. పరేషాన్ చెయ్యకు."

ఎంత బతిమాలినా అదే మాట. మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు, ఇక్కడ ఇద్దరు మొండివాళ్లు, మధ్యలో నేను. ఇంటికొచ్చి, "మేళం ఏదైతేంది ఇగ, నీ ఇష్టం" అని చిన్నాయనతో అనేశాను. ఆయన మాత్రం గుట్టుగా మిర్యాలగూడ వెళ్లి, ఆ మేళానికే తాంబూలం ఇచ్చి వచ్చాడు.

గుట్టు ఎందుకంటే, మా వైపు ఎదురుకోలు అని ఒక వేడుక ఉంది. పెళ్లికొడుకు వాళ్లు ఊళ్లోకి వచ్చి విడిది ఇంట్లో దిగుతారు. సాయంత్రం వాళ్లు అటునుంచి, ఆడపిల్ల వాళ్లు ఇటునుంచి మేళాలతో బయల్దేరి దారి మధ్యలో కలుసుకొని, బుక్కా గులాలు చల్లుకొని, పానకం ఇచ్చి తీసుకొస్తారు. ఇరువైపులా మేళాలు ఎదురెదురుగా నిలబడి పోటీ పడతాయి. ఎవరి మేళం ముందు ఆగిపోతే వాళ్లకు ఆ మాట మనవల దాకా వినబడుతుంది. అందుకని ఎవరు ఏ మేళాన్ని తెస్తున్నారో అవతలి వాళ్లకు చచ్చినా చెప్పరు.

చెప్పకపోతే ఏమైంది? మాడుగులపల్లిలో కళ్లు మూసుకొని తల ఆడించిన మా మామగారు కూడా అదే మేళానికి తాంబూలం ఇచ్చి, ఆయనా గుట్టుగానే ఉన్నాడు.

ఎదురుకోలు నాటి సాయంత్రం మేళం వాళ్లు సూర్యాపేటలో బస్సు దిగారో లేదో, మా చిన్నాయన క్లారినెట్ పిల్లవాడి ఒక రెక్క పట్టుకున్నాడు, మామగారి తమ్ముడు ఇంకో రెక్క పట్టుకున్నాడు.

"మా మేళం!"

"గదెట్లయితది? మా మేళం!"

పిల్లవాడు బిక్కమొహం వేశాడు. "ఇద్దరు జెప్పింది సూర్యాపేట పెండ్లే, దినం గూడ ఒకటే. రెండో ఆయన యాది చెయ్యనీకి వచ్చిండనుకున్న. ఒక పెండ్లికి ఒక్క మేళమే గద సార్!" అన్నాడు. వాడి లెక్కలో తప్పేముంది చెప్పండి?

పెద్దలు కూర్చొని తీర్పు చెప్పారు. ఏమని? మేళాన్ని సగానికి కోసి పంచారు! క్లారినెట్, సైడు డ్రమ్ము, తాళాలు మాకు. బూరలు, పెద్ద డోలు వాళ్లకు. విడిది ఇల్లు మా వీధి చివరే. నేను మా ఇంటి తలుపు చాటున ఆడవాళ్ల మధ్య నిలబడితే రెండు కొసలూ కనబడుతున్నాయి. అటు సగం ఒక పాట ఎత్తుకుంది, ఇటు సగం ఇంకో పాట ఎత్తుకుంది. డోలు లేని మా పాట ఉప్పు లేని పప్పు. వాళ్లది ఉట్టి ఉప్పు. రెండూ మధ్యలో కొట్టుకొని వీధి కుక్కలు లేచాయి. ఆడవాళ్లు పొట్టలు పట్టుకొని నవ్వుతున్నారు. నాకు మాత్రం కళ్లనిండా నీళ్లు. మా వైపు ముందు నిలబడ్డ నాయిన ముఖం చూస్తే, నా పెళ్లికి ఎగరడం మాట దేవుడెరుగు, ఇంకాసేపు అక్కడ నిలబడితే గొప్ప.

అప్పుడు జనంలో ఎర్రటోపీ కనబడింది.

రానని భీష్మించిన మాస్టరు! మామూలు తెల్ల చొక్కా, చేతిలో ఊతకర్ర, తలమీద మాత్రం ఆ పాత జరీ పట్టీ టోపీ. ఎప్పుడొచ్చాడో, ఎంతసేపు ఓర్చుకున్నాడో. వీధి నడిమధ్యకు వచ్చి కర్ర పైకెత్తాడు.

"బంద్ జెయ్యిండ్రి! ఏంది ఈ లొల్లి? చెవుల సీసం పోస్తున్నరు గదరా!"

అటు పెద్ద డోలు మనిషి, ఇటు సైడు డ్రమ్ము మనిషి, ఇద్దరూ చప్పున నిటారుగా అయ్యారు. పాత వాసన మరి.

"ఒక్కటే పాట. గీళ్లు అడుగుతరు, గాళ్లు జవాబిస్తరు. మెల్లగ నడుసుకుంట రాండ్రి."

కర్ర దించాడు. మా క్లారినెట్ ఒక వరుస పాడి ఆగింది. వీధి అవతలి కొస నుంచి బూరలు దాన్ని అందుకున్నాయి. మళ్లీ ఇటు, మళ్లీ అటు. ఒక్కో అడుగుకూ రెండు సగాలూ దగ్గరవుతున్నాయి, పాట మధ్యలో ఎడం తగ్గిపోతోంది. మా ఇంటికి నాలుగిళ్ల అవతల రెండూ కలిశాయి. పెద్ద డోలు క్లారినెట్ కిందికి వచ్చి చేరింది చూడండి, నా ఒళ్లు ఝల్లుమంది. ఇప్పుడు ఎవరి మేళం ఏదో ఎవరికీ తెలియదు. మామగారు గులాలు గుప్పిట్లకు గుప్పిట్లు చల్లుతున్నాడు, తన వాళ్ల మీదో మా వాళ్ల మీదో చూసుకోకుండా.

ఆ ఎర్రటి దుమ్ములో నాయినా మాస్టరూ ఎదురెదురుగా నిలబడ్డారు. మాస్టరు ఏదో అన్నాడు. నాయిన తల అడ్డంగా ఊపాడు. మాస్టరు మళ్లీ ఏదో అన్నాడు, కర్రతో నేల మీద పొడిచి మరీ. నాయిన ఉన్నట్టుండి మగపెళ్లి వాళ్లకు వీపు తిప్పి, గబగబా మా ఇంటి వైపు నడవడం మొదలుపెట్టాడు.

"అయ్యో! అలిగిండే! వియ్యంకుల ముందర నడిమిట్ల ఇడిసి వస్తుండే!" అమ్మ గుండె బాదుకుంది. ఆడవాళ్ల నవ్వులు టక్కున ఆగిపోయాయి.

నాయిన అరుగెక్కాడు. ఆడవాళ్లను తప్పించుకుంటూ నేరుగా నా ముందుకు వచ్చాడు. తలమీది నల్లటోపీ తీశాడు.

"టోపీ పట్టుకో బిడ్డా. కింద పెట్టకు."

నేను పట్టుకున్నాను. ఆయన కళ్లలో నీళ్లు, పెదాల మీద నవ్వు. సూర్యాపేట బజారు ఒక్కసారి వచ్చి చూస్తే బాగుండు అనిపించింది.

ఆయన వెనకే మాస్టరు రొప్పుకుంటూ అరుగు దాకా వచ్చాడు. కర్ర గోడకు ఆనించి, ఎర్రటోపీ తీసి నా రెండో చేతికిచ్చాడు.

"నాది గూడ పట్టుకో తల్లీ. మీ నాయినను ఇన్నేండ్లు ఎగిరిచ్చిన గని, నేను ఒక్కనాడు ఎగర్లే. చేతులు ఖాళీ లేకుండె. ఇయ్యాల ఖాళీగున్నయ్." నాయిన భుజం మీద చెయ్యి వేశాడు. "పా సేటూ."

ఇద్దరూ వీధిలోకి దిగారు. పెళ్లికూతురు తలుపు చాటునే ఉండాలని వెనక నుంచి ఎవరో గుర్తు చేస్తున్నారు. రెండు చేతుల్లో రెండు టోపీలున్న దానికి తలుపు వేసుకోవడం ఎలా కుదురుతుంది? నేను అరుగు మీదికి వచ్చి నిలబడి, పాట అయిపోయే దాకా చూశాను.